మళ్లీ రక్తం కావాలన్న ఫోను

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీది నరసన్నపేట దగ్గర పల్లె, మీ ఆవిడ మీ మేనమామ కూతురు. ఎనిమిది రోజుల క్రితం శ్రీకాకుళంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మగబిడ్డ పుట్టాడు. మర్నాడే ఇంటికి పంపేస్తూ మడమ మీద గుచ్చి, ఒక కార్డు మీద రక్తం చుక్కలు తీసుకున్నారు. నిన్న ల్యాబ్ నుంచి ఫోను వచ్చింది: ‘17-ఓహెచ్‌పీ’ ఎక్కువగా ఉంది, మళ్లీ రక్తం కావాలి. బిడ్డ చూడ్డానికి బాగానే ఉన్నాడు, పాలు తాగుతున్నాడు. పదకొండో రోజు పురిటి స్నానం అయ్యేదాకా పసిగుడ్డును గడప దాటించవద్దని మీ అమ్మగారు పట్టుబట్టారు. ఇది ల్యాబ్ వాళ్ల డబ్బు ఆశా, నిజంగా భయపడాల్సిన సంగతా, ఇరవయ్యొకటో రోజు బారసాల అయ్యాక వెళ్తే సరిపోదా అని అడిగారు. చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు, ఇంకో వాక్యం రాశారు. మొదటి మగబిడ్డ పదిహేడో రోజున వాంతులై, ఒళ్లు ఎండిపోయి, ఆసుపత్రికి చేరేలోపే పోయాడని.

ఆ చివరి వాక్యం లేకపోతే నా సమాధానం వేరుగా ఉండేది. ‘ఇలాంటి ఫోన్లలో ఎక్కువ భాగం ఉత్తుత్తివే, కంగారు పడకుండా రేపో ఎల్లుండో వెళ్లి ఇచ్చి రండి’ అని రాసేవాణ్ణి. ఇప్పుడు అలా రాయలేను. ఈ రోజే వెళ్లండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

నేను డాక్టర్ను కాను, ల్యాబ్ మనిషిని. విశాఖపట్నంలో పసిబిడ్డల రక్తపు కార్డులు పరీక్షించే పనిలో చాలా ఏళ్లు గడిపి, ఇప్పుడు విజయనగరంలో ఇంటిపట్టున ఉంటున్నాను. మందు ఏది, ఎంత అన్నది పిల్లల డాక్టరే చెప్పాలి. అయితే ఆసుపత్రికి వెళ్లాక ఏమి అడగాలో నేను చెప్పగలను. మీరు వెళ్లి కేవలం ‘కార్డు మీద మళ్లీ చుక్కలు తీయండి’ అని అడిగితే సరిపోదు. ఆ కార్డు ఊళ్లు దాటి వెళ్లి, ఫలితం వచ్చేసరికి నాలుగైదు రోజులు పడుతుంది. మీ బిడ్డ విషయంలో ఆ నాలుగైదు రోజులే అసలైనవి. డాక్టరుకు మొట్టమొదట మొదటి బిడ్డ సంగతి చెప్పండి, ఆ తరువాత 17-ఓహెచ్‌పీ ఎక్కువ వచ్చిందని చెప్పండి. సోడియం, పొటాషియం, గ్లూకోజు ఈ రోజే చూడమనండి. బిడ్డ బరువు తూయించి, పుట్టినప్పటి బరువుతో పోల్చమనండి. 17-ఓహెచ్‌పీ మాత్రం ఈసారి నరం నుంచి తీసిన రక్తంతో చేయించమనండి.

ఇక్కడ ఒక చిన్న సంగతి, ల్యాబ్ వాళ్లకు మాత్రమే పట్టేది. పొటాషియం కోసం మడమ పిండి రక్తం తీస్తే ఎర్ర కణాలు చితికి, వాటిలో ఉన్న పొటాషియం బయటపడి, అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. అందుకని అది కూడా నరం రక్తంతోనే. ఇంకొకటి: ఈ రోజు సోడియం మామూలుగా వచ్చిందని చెప్పి ఇంటికి తిరిగొచ్చి నిశ్చింతగా పడుకోవద్దు. 17-ఓహెచ్‌పీ ఎక్కువైతే అనుమానించేది పుట్టుకతో వచ్చే అడ్రినల్ గ్రంథుల జబ్బును (సీఏహెచ్), అందులో ఒంట్లోని ఉప్పు, అంటే సోడియం, మూత్రంలో పోవడం మొదటి వారంలో బయటపడకపోవచ్చు. రెండో వారంలోనో మూడో వారంలోనో సోడియం హఠాత్తుగా పడిపోతుంది. నరం రక్తం ఫలితం చేతికొచ్చేదాకా ఎన్ని రోజులకొకసారి మళ్లీ చూడాలో డాక్టర్ను అడిగి, ఆ తేదీలు రాసుకోండి. ఈలోపు బిడ్డ వాంతి చేసుకున్నా, పాలు పట్టకుండా నిద్రపోతున్నా, ఒంటికి పోయడం తగ్గినా, కళ్లు గుంటలు పడినా, రాత్రా పగలా అని చూడకుండా 108కి ఫోను చేయండి.

ఇప్పుడు ఆ 17-ఓహెచ్‌పీ ఏమిటో చెబుతాను. మూత్రపిండాల మీద టోపీల్లాంటి రెండు చిన్న గ్రంథులుంటాయి, అడ్రినల్ గ్రంథులు. కొలెస్టరాల్‌ను ముడిసరుకుగా తీసుకుని, దశలు దశలుగా మార్చి, చివరకు రెండు ముఖ్యమైన హార్మోన్లు తయారుచేస్తాయి. ఒకటి కార్టిసాల్, జ్వరం, ఆకలి, దెబ్బ లాంటి గండాలను ఒళ్లు తట్టుకోవడానికి. రెండోది ఆల్డోస్టిరాన్, ఒంట్లో ఉప్పును మూత్రంలో పోనీయకుండా పట్టి ఉంచడానికి. ఈ దశల్లో ఒకచోట 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము పనిచేయాలి. మన వంశధార కాలువ మీద లాకు మూసుకుపోయిందనుకోండి. ఎగువన నీరు పెరుగుతుంది, గట్టు దాటి పక్క పొలాల్లోకి పొర్లుతుంది, శివారు మడులు ఎండిపోతాయి. ఈ ఎంజైము లేని బిడ్డ ఒంట్లో జరిగేది అదే. ఎగువన నిలిచిపోయిన నీరే 17-హైడ్రాక్సీ ప్రొజెస్టరాన్, మేము కొలిచేది దాన్నే. పక్క పొలాల్లోకి పొర్లేది మగ హార్మోన్లు. ఎండిపోయే శివారు మడులు కార్టిసాల్, ఆల్డోస్టిరాన్. తీవ్రమైన రకం ఉన్న పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి ఉప్పు పోతుంది. ఉప్పు పోతే దాని వెంటే నీరు పోతుంది. బయటి నుంచి చూసేవాళ్లకు అది వాంతులూ, నీరసమూ, అతిసారం లాగే కనిపిస్తుంది.

ఆడపిల్ల అయితే పుట్టగానే అనుమానం వస్తుంది, మగ హార్మోన్ల వల్ల జననాంగాలు తేడాగా ఉంటాయి కనుక. మగపిల్లాడికి పైకి ఏమీ తెలియదు. ఎర్రగా బుర్రగా, ముద్దుగా ఉంటాడు. పాలు తాగుతాడు. అందరూ దిష్టి తీస్తారు. రెండు వారాలు దాటాక ఒక రోజు వాంతులు మొదలవుతాయి. రక్తపు చుక్కతో ఈ జబ్బును వెతకడం మొదలుపెట్టిందే ప్రధానంగా ఈ మగపిల్లల కోసం.

మీ మొదటి బిడ్డకు ఇదే జరిగిందని నేను అనడం లేదు. వాంతులై ఎండిపోయి పోవడానికి ఇన్ఫెక్షను, పేగులో అడ్డు, ఇంకా ఎన్నో కారణాలుంటాయి. రక్తం తీసి పెట్టనప్పుడు ఎవరూ ఏదీ చెప్పలేరు. కానీ మగబిడ్డ, మూడో వారం, వాంతులు, తల్లిదండ్రులది మేనరికం, తరువాతి బిడ్డకు ఇప్పుడు ఈ అంకె ఎక్కువ. ఈ ఐదూ ఒక వరుసలో నిలబడితే ల్యాబ్‌లో మేము ఆ కార్డును పక్కన పెట్టి ముందు ఫోను చేసేవాళ్లం. పని ముగిశాక కాదు, అప్పటికప్పుడు.

డబ్బు ఆశ గురించి అడిగారు. మళ్లీ చేసే పరీక్షకు మేమైతే రూపాయి తీసుకునేవాళ్లం కాదు. మీకు ఫోను చేసినవాళ్ల పద్ధతి ఏమిటో అడిగి తెలుసుకోండి, అడగడంలో తప్పు లేదు. అయితే అంకె ఎక్కువ వచ్చిన బిడ్డల్లో చాలామందికి జబ్బు ఉండదన్నది నిజం. అది మోసం కాదు, ఈ పరీక్ష స్వభావమే అంత. కళింగపట్నం రేవులో వల అల్లేవాళ్లను అడగండి. వల కన్ను పెద్దది పెడితే చిన్న చేప తప్పించుకుంటుంది. చిన్నది పెడితే పనికిరాని పరిగెలూ, నాచూ కూడా పడతాయి. ఒక్క బిడ్డ కూడా తప్పిపోకూడదని మేము కావాలనే కన్ను చిన్నది పెడతాం. దాని ఫలితంగా ఆరోగ్యంగా ఉన్న బిడ్డల తల్లిదండ్రులు కొందరు ఒకటి రెండు రాత్రులు నిద్రపోరు. ఆ పాపం మాది, ఒప్పుకుంటాను. ఒక బిడ్డ పోవడంతో పోలిస్తే అది చిన్న పాపమే.

17-ఓహెచ్‌పీలో ఈ ఉత్తుత్తి పిలుపులు మిగతా పరీక్షల కన్నా ఎక్కువ. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, బరువు తక్కువ ఉన్నవాళ్లకు, జబ్బు పడినవాళ్లకు ఈ అంకె సహజంగానే పెరుగుతుంది. పుట్టిన వెంటనే, ఇరవై నాలుగు గంటలు నిండకముందు తీసినా పెరుగుతుంది. మీ బిడ్డకు ‘మర్నాడే’ తీశారన్నారు. ఎన్ని గంటలకు? సాయంత్రం ఆరింటికి పుట్టి మర్నాడు ఉదయం పదింటికి తీస్తే పదహారు గంటలే. అది కార్డు మీద రాసి ఉంటుంది, ఉండాలి. థైరాయిడ్ పరీక్షకూ ఇదే చిక్కు. బిడ్డ బయటి చలికి తగలగానే, ఆ పరీక్షలో కొలిచే టీఎస్‌హెచ్ అనే హార్మోను ఒక్కసారి ఉవ్వెత్తున లేచి, తరువాత రెండు మూడు రోజుల్లో దిగుతుంది. అందుకే నలభై ఎనిమిది నుంచి డెబ్బై రెండు గంటల మధ్య తీస్తే మంచిదని అంటారు. కానీ మామూలు కాన్పు అయితే మర్నాటికే మంచం ఖాళీ చేయించే ఆసుపత్రుల్లో ఇది సాగదు. ఇంటికి వెళ్లినవాళ్లు మూడో రోజు మళ్లీ వస్తారా? రారు. అసలు తీయకపోవడం కన్నా ముందుగా తీయడమే మేలు, గంటలు నిజంగా రాస్తే చాలు. కార్డు మీద ఆ గంటల గడి ఖాళీ వదిలేసేవాళ్ల మీద నాకు ఉన్న కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఆ కార్డు గురించి కొంచెం చెప్పనివ్వండి, నా జీవితమంతా దానితోనే గడిచింది. పైకి అట్టముక్కలా కనిపిస్తుంది, కానీ శుద్ధమైన దూదిపీచుతో చేసిన ప్రత్యేకమైన కాగితం. ఎంత రక్తం పడితే ఎంత వెడల్పు పాకాలో లెక్క ప్రకారం తయారుచేస్తారు. అందులోంచి మేము 3.2 మిల్లీమీటర్ల బిళ్ల ఒకటి తొలిచి తీస్తాం, పెసరగింజ కన్నా చిన్నది. ఆ బిళ్లలో ఎంత రక్తం ఉందన్న నమ్మకం మీదే మొత్తం లెక్క. కనుక మడమను వెచ్చని గుడ్డతో కాచి, స్పిరిట్‌తో తుడిచి, స్పిరిట్ పూర్తిగా ఆరాక, మడమ పక్క అంచున గుచ్చాలి. మధ్యలో గుచ్చితే ఎముక తగులుతుంది. మొదటి చుక్క తుడిచేసి, రెండో పెద్ద చుక్కను కాగితానికి ఒకే వైపు నుంచి, ఒకేసారి అంటించాలి. గట్టిగా పిండితే కండలోని నీరు కలిసి రక్తం పలచబడుతుంది. చుక్క మీద చుక్క వేస్తే చిక్కబడుతుంది. రెండూ మాకు అబద్ధాలు చెబుతాయి.

ఇంకో అలవాటు ఉంది, దీని గురించి చాలామంది నర్సులకు కూడా తెలియదు. వేరే రక్త పరీక్ష కోసం ఊదారంగు మూత ఉన్న గొట్టంలో అప్పటికే రక్తం తీసి ఉంటుంది. బిడ్డను మళ్లీ ఎందుకు ఏడిపించడమని జాలిపడి, ఆ గొట్టంలోంచే నాలుగు చుక్కలు కార్డు మీద వేస్తారు. ఆ గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ ఉంటుంది. మా పరీక్షల్లో వెలుగునిచ్చే యూరోపియం అనే లోహాన్ని అది పట్టేసుకుంటుంది. వెలుగు తగ్గిపోతుంది. 17-ఓహెచ్‌పీ పరీక్షలో వెలుగు తగ్గితే అంకె పెరిగినట్టు లెక్క, కనుక లేని జబ్బు ఉన్నట్టు వస్తుంది. టీఎస్‌హెచ్‌లో దీనికి తలకిందులు. వెలుగు తగ్గితే అంకె తగ్గినట్టు, కనుక ఉన్న జబ్బు లేనట్టు వస్తుంది. మొదటి తప్పు భయపెడుతుంది, రెండోది నిశ్శబ్దంగా బిడ్డ బుద్ధిని తినేస్తుంది. మీ బిడ్డకు నేరుగా మడమ నుంచి కార్డు మీదికే తీశారా, గొట్టంలోంచి వేశారా అని మీ ఆవిడను అడగండి. తల్లులు ఇలాంటివి మరచిపోరు.

తీసిన కార్డును మూడు నాలుగు గంటలు నీడలో, గాలికి, పడుకోబెట్టి ఆరనివ్వాలి. మన తీరం వెంబడి గాలిలో ఉండే తేమకు అది కూడా కష్టమే. ఎండలో పెట్టకూడదు, హీటరు ముందు పెట్టకూడదు. కామెర్ల బిడ్డకు వేసే నీలి దీపం కింద ఆరబెట్టిన కార్డులు కూడా నేను చూశాను! ఆరాక తేమ పీల్చే పొట్లంతో కలిపి కవరులో పెట్టి మర్నాటికల్లా పంపాలి. వేడికీ తేమకూ ఎంజైములు చచ్చిపోతాయి. మే నెలలో వచ్చిన కార్డుల్లో జీ6పీడీ, బయోటినిడేజ్, గెలాక్టోసీమియా లాంటి ఎంజైము లోపాల పరీక్షలు ‘ఎంజైము లేదు’ అని వరుసగా చూపిస్తే, అది పిల్లల జబ్బు కాదు, బస్సు డిక్కీ జబ్బు అని మాకు అర్థమయ్యేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు కొట్టినప్పుడు ఆ వారం వచ్చిన కార్డులు నాకింకా కళ్ల ముందే ఉన్నాయి. కరెంటు లేదు, రోడ్ల మీద కొబ్బరి చెట్లు. కవర్లు చేరేసరికి చుక్కలు నీటిలో సిరాలా వలయాలు కట్టి ఉన్నాయి. ఒక్కటి కూడా పనికిరాలేదు. అందరినీ మళ్లీ పిలవాల్సి వచ్చింది, పిలిస్తే ఫోన్లు మోగలేదు.

యంత్రాలు చెడిపోతే బాగుచేసుకుంటాం. మా పని ఎక్కువగా విఫలమయ్యేది ఈ ఫోను దగ్గరే. ఒక బిడ్డ సంగతి చెబుతాను. థైరాయిడ్ లోపం, టీఎస్‌హెచ్ అంకె చూస్తే అనుమానమే అక్కర్లేనంత స్పష్టం. కార్డు మీద ఉన్నది తండ్రి నంబరు. ఆయన చెన్నైలో భవనాల పనికి వెళ్లి సిమ్ మార్చేశాడు. తల్లి పురిటికి వచ్చిన పుట్టింటి ఊరు రాయలేదు, అత్తవారి ఊరు రాశారు. ఆ ఊరి పేరు చివర ‘వలస’. మన రెండు జిల్లాల్లో వలసలూ, పేటలూ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. బిడ్డ పేరు స్థానంలో ఫలానా లక్ష్మి బిడ్డ అని ఉంది. రోజూ ఫోను చేశాం. ఆఖరికి ఆ ప్రాంతపు ఏఎన్ఎం ఒకామె టీకాల పుస్తకాలు తిరగేసి పట్టుకుంది. అప్పటికి బిడ్డకు నాలుగో నెల. రెండు వారాల్లోపు మొదలుపెట్టాల్సిన మాత్ర నాలుగో నెలలో మొదలైంది. రోజుకొక చిన్న మాత్ర, పొడిచేసి కాస్త తల్లిపాలలో కలిపి పడితే చాలు. ధర కూడా చాలా తక్కువ. ఆ బిడ్డకు నడక ఆలస్యమైంది, చదువు కూడా. పరీక్ష సరిగ్గానే చేశాం, ఫలితం సరిగ్గానే వచ్చింది. దానితో ఆ బిడ్డకు ఒరిగిందేమీ లేదు. మీకు నిన్న ఫోను మోగింది, మీరు ఎత్తారు. దాని విలువ మీకు తెలియదు.

మీ అమ్మగారితో నేను మాట్లాడితే ఏమి చెబుతానో రాస్తాను. అమ్మా, మీ భయం అర్థమైంది, ఒకసారి పోగొట్టుకున్న ఇల్లు. కానీ కార్డు నిండా చుక్కలు తీసినా అర మిల్లీలీటరుకు మించదు. మూడు కిలోల బిడ్డ ఒంట్లో దాదాపు రెండు వందల నలభై మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. నరం నుంచి తీసేది కొంచెం ఎక్కువే అయినా బిడ్డ చిక్కిపోయేంత కాదు. గుచ్చేటప్పుడు తల్లి పాలిస్తూ ఉంటే నొప్పి బాగా తగ్గుతుంది, ఏడుపు కూడా. గడప దాటించడం గురించి మీతో వాదించను. దిష్టిచుక్క పెట్టండి, తలకు గుడ్డ చుట్టండి, మీరు కూడా బండి ఎక్కండి. పెద్దావిడ వెంట ఉంటే కోడలికి ధైర్యం. మరో మాట: మొదటి బిడ్డ పోయినప్పుడు ఊళ్లో కోడలి కాలు గురించి ఎవరైనా ఏదైనా అని ఉంటే, ఆ మాట తప్పు. ఇది జబ్బే అయితే అందులో సగం మీ అబ్బాయి ఇచ్చిందే.

మేనరికం సంగతికి వస్తాను, దాచి ప్రయోజనం లేదు. ఈ ఎంజైముల జబ్బులు దాదాపు అన్నీ ఒకే తీరువి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ జన్యువులు కలిస్తేనే జబ్బు. ఒక్కటే ఉన్నవాళ్లు మీలా, మీ ఆవిడలా నిక్షేపంగా ఉంటారు. అలాంటి ఒక్క చెడ్డ జన్యువు తాతమ్మ నుంచో, ముత్తాత నుంచో ఇద్దరికీ వచ్చి ఉండే అవకాశం మేనరికంలో ఎక్కువ, మేనమామను చేసుకుంటే ఇంకా ఎక్కువ. అలా ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ‘మొదటి బిడ్డకు వచ్చేసింది కదా, ఇక ముగ్గురికి రాదు’ అని ఒకాయన నాతో అన్నాడు. గవ్వలు వేసినప్పుడు ఇంతకుముందు ఏమి పడిందో గవ్వలకు గుర్తుండదు. ప్రతి కాన్పూ కొత్త పందెమే. బంధుత్వం లేని పెళ్లిళ్లలో కూడా, నాలుగైదు ఊళ్ల మధ్యే ఒకే కులంలో తరతరాలుగా ఇచ్చిపుచ్చుకుంటున్నప్పుడు ఈ ప్రమాదం పూర్తిగా పోదు. 1977లో కార్డు మీది రక్తంతో 17-ఓహెచ్‌పీ కొలిచే పద్ధతి వచ్చినప్పుడు దాన్ని మొదట పరీక్షించినది అలాస్కాలోని యూపిక్ ప్రజల పిల్లల మీద. చిన్న సమూహం, అందులో ఈ జబ్బు చాలా ఎక్కువ. హైదరాబాద్‌లో నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ప్రచురించిన లెక్క ఒకటి ఉంది. థైరాయిడ్ లోపం 1,700 మందికి ఒకరికి, మీకు అనుమానం వచ్చిన ఈ అడ్రినల్ జబ్బు 2,575 మందికి ఒకరికి. పాశ్చాత్య దేశాల్లో ఈ రెండోది పది పదిహేను వేలల్లో ఒకరికే. మన దగ్గర ఎందుకు ఇంత ఎక్కువో వేరే చెప్పనక్కర్లేదు.

జబ్బు అని తేలితే? కార్టిసాల్ బదులు హైడ్రోకార్టిసోన్, ఆల్డోస్టిరాన్ బదులు ఫ్లూడ్రోకార్టిసోన్, పసివయసులో దానికి తోడు కొంచెం ఉప్పు. జీవితాంతం వేసుకోవాలి. ఆ మందులు సరిగ్గా పడితే బడికి వెళ్తాడు, క్రికెట్ ఆడతాడు, పెళ్లి చేసుకుంటాడు. జ్వరం వచ్చినప్పుడు మోతాదు పెంచాలి, వాంతి అయి మాత్ర నిలవకపోతే ఇంజెక్షను చేయించాలి. ఈ రెండు సంగతులు డాక్టరు చేత తెలుగులో ఒక కాగితం మీద రాయించి, బిడ్డ ఎక్కడుంటే అక్కడ ఉంచండి. మందు మొదలుపెట్టే ముందే పరీక్ష కోసం రక్తం తీసి పెట్టుకుంటే మంచిది. కానీ బిడ్డ నీరసపడితే రక్తం కోసం మందు ఆపకూడదు, ముందు ప్రాణం. తల్లిపాలు ఆపనవసరం లేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ‘పుట్టుకతో వచ్చే జీవరసాయన జబ్బు’ అనగానే తల్లిపాలు మాన్పించేవాళ్లను చూశాను. పాలు ఆపాల్సింది గెలాక్టోసీమియా అనే వేరే జబ్బులో, అదీ డాక్టరు చెబితేనే.

జన్యు పరీక్ష తరువాతి మాట, తొందర లేదు. చేయించినప్పుడు ఈ జబ్బు తెలిసిన ల్యాబ్‌లోనే చేయించండి. ఈ జన్యువు పక్కనే అచ్చం దానిలాగే ఉండే పనిచేయని నకలు ఒకటి కూర్చుని ఉంటుంది. అనుభవం లేని చేతుల్లో అది తప్పుదారి పట్టిస్తుంది. అది తేలితే తరువాతి కాన్పులో మూడో నెలలోనే పరీక్ష చేయించుకోవచ్చు.

ఇది చదివే మిగతా తల్లిదండ్రులు ‘ఏ పరీక్షలు చేయించాలి, వందకు పైగా జబ్బులంటున్నారు’ అని అడుగుతారు. వంద అన్న అంకె అమ్మకం మాట. మూత్రంతో చేసే పెద్ద పరీక్ష ఒకటి అలా అమ్ముతారు. అందులో థైరాయిడ్ లోపం దొరకదు, ఈ అడ్రినల్ జబ్బుకూ జీ6పీడీకీ అది సరైన పరీక్ష కాదు. మనకు ముందు కావలసినవి ఆ మూడే. జీ6పీడీ ఎందుకంటే, ఆ లోపం ఉన్న బిడ్డకు కామెర్లు ముదురుతాయి, ట్రంకు పెట్టెలో వేసే కలరా ఉండల వాసనకు కూడా రక్త కణాలు చితకవచ్చు. మలేరియాకు ఇచ్చే ప్రిమాక్విన్ కూడా ప్రమాదమే, సీతంపేట, పాచిపెంట వైపు వాళ్లు దీన్ని తప్పక తెలుసుకోవాలి. చేతిలో డబ్బు ఉంటే, లేదా మేనరికమో, కారణం తెలియకుండా పోయిన బిడ్డో ఉంటే, రక్తపు చుక్కతోనే మాస్ స్పెక్ట్రోమీటరు మీద చేసే పెద్ద పరీక్ష కూడా చేయించండి. ఒక్క బిళ్ల నుంచి రెండు మూడు నిమిషాల్లో అమైనో ఆమ్లాలు, కార్నిటిన్ తాలూకు పదార్థాలు డజన్ల కొద్దీ కొలుస్తుంది. అందులో ‘సీ3’ అనేది ఎక్కువ వచ్చిందని ఫోను వస్తే, పెద్ద జబ్బు గురించి ఆలోచిస్తూనే తల్లికి బీ12 చూడమని అడగండి. తల్లిలో ఆ విటమిన్ లోపిస్తే బిడ్డ రక్తంలో సీ3 పెరుగుతుంది. ఇది మన దేశంలో అరుదేమీ కాదు.

ఇదంతా మొదలైంది ఒక పెదనాన్న బాధతో అంటే కొందరు నమ్మరు. అమెరికాలో రాబర్ట్ గుత్రీ అనే సూక్ష్మజీవుల శాస్త్రవేత్తకు బుద్ధిమాంద్యంతో పుట్టిన కొడుకు ఉన్నాడు. తరువాత భార్య చెల్లెలి కూతురికి ఫినైల్ కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జీవరసాయన జబ్బు ఉందని ఆలస్యంగా తెలిసింది, అప్పటికే మెదడు దెబ్బతింది. ఆయన కాగితం మీద ఆరిన రక్తపు బిళ్లను బాక్టీరియా ఉన్న జెల్లీ మీద పెట్టి, చుట్టూ ఎంత వలయం పెరిగిందో చూసి జబ్బు పట్టే పద్ధతిని 1963లో ప్రచురించాడు. ఆ రోజు మీ బిడ్డ మడమ కింద పెట్టిన కాగితం ఆ కాగితానికి మనవరాలే. మన దేశంలో గోవా 2008లోనే పుట్టిన ప్రతి బిడ్డకూ పరీక్ష మొదలుపెట్టింది. మన జిల్లాల్లో మాత్రం ఇప్పటికీ ఏ ఆసుపత్రిలో పుట్టామన్న దాని మీదే చాలావరకు ఆధారపడి ఉంది. మీ బిడ్డ అదృష్టవంతుడు.

సరే, బయలుదేరండి. మీ ఊరి నుంచి శ్రీకాకుళం గంట దారి కూడా కాదు. అందరూ ఇంకా రిమ్స్ అనే పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు ఉంది. అక్కడ హార్మోను పరీక్ష కాదంటే, సోడియం చూపించుకున్నాకే విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు ఎలా వెళ్లాలో వాళ్లనే అడగండి. ఆ వంద కిలోమీటర్లు పైబడిన దారిలో బిడ్డ పాలు తాగడం మానేస్తే ఏమి చేయాలో తెలియాలి కదా. డిశ్చార్జి కాగితం, ల్యాబ్ వాళ్లు పంపిన రిపోర్టు, మొదటి బిడ్డ తాలూకు చీటీలు ఏవైనా మిగిలి ఉంటే అవి కూడా తీసుకెళ్లండి. కొత్త ఫారం మీద మీ నంబరుతో పాటు, రోజంతా బిడ్డ పక్కన ఉండే మనిషి నంబరు, మీ అత్తగారి ఊరు, మండలం పేరుతో సహా రాయించండి.

నరం రక్తం ఫలితం వచ్చాక ఇక్కడ రాయండి, చూసి చెబుతాను. అంకె ఒక్కటే రాయవద్దు, పక్కన ఉన్న కొలమానం కూడా రాయండి. కొన్ని ల్యాబ్‌లు నానోగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని నానోమోల్స్‌లో. రెండింటికీ మూడు రెట్లు తేడా.